అట్టబూట్లు

గత సంవత్సరము చిలమకూరులో మా మనుమరాలు పాఠశాల నాటకమున రుద్రమదేవి వేషము ధరింపవలసివచ్చెను. 1262 మొదలు 1289 వఱకు ఓరుగల్లునేలిన ఆ రాణికి దళసరి కాగితముతో కవచమును, మోకాళ్ల వఱకు బూట్లను నేనే చేయబూనితిని.

నమూనా 10 అంగుళముల పాదమునకు గీసినది. పిల్ల పాదము 8 అంగుళములు. కావున సమస్తమును నూటికి 80 వంతున తగ్గించితిని. లెక్క తప్పలేదు. అయినను పిల్ల పండ్లు బిగించి కాలు దూర్పవలసివచ్చెను.

"నొప్పిగా ఉందా అమ్మా?" అంటిని.

"లేదు తాతా, సరిపోయింది" అనెను. కన్నులలో నీరు నిలిచియుండెను.

అప్పుడు పాదమును మరల కొలిచితిని. మడమ నుండి మీగాలి మీదుగా చుట్టుకొలత పదిన్నర అంగుళములు. నమూనాలో 12 అంగుళములున్న చీలమండ భాగము సుమారు తొమ్మిదిన్నరకు దిగిపోయినది. బూటులో దూరవలసినది ఈ చుట్టుకొలత; నేను చూచినది పొడవు మాత్రమే. తోలైన కొంత సాగును, అట్ట సాగదు. వెనుక నిలువున చీల్చి నాడాలు కట్టితిని. నాపరాళ్లపై జారకుండ అడుగున పాతచెప్పుల రబ్బరు అంటించితిని.

బూటు తప్పు సులభముగనే దిద్దుకొంటిని. ఇఱుకున ఇమిడి, సరిపోయినదని చెప్పుట ఏడేండ్ల పిల్లకు ఎవరు నేర్పిరి? మా యింట ఎవరును నోట చెప్పలేదు. తల్లిని, అవ్వను చూచి నేర్చినది. ఆ అవ్వను నేనేనాడును అడిగి యెఱుగను.

మఱునాడు మరల తొడిగి, నిజము చెప్పుమంటిని. కొంత తడవు నా మొగము చూచి, "ఎడమది రవ్వంత ఒత్తుతాంది" అనెను.

నాటకము చూచిననాడు కూడ నాకంత సంతోషము కలుగలేదు.