మా బుగ్గ చేప

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపండన్నా అని హాస్టల్ తమ్ముళ్లు ఫోన్ చేస్తే, మేం నలుగురం ఆలోచించకుండానే "బుగ్గ గురించి రాద్దాం" అనుకున్నాం. ఇప్పుడు నలుగురం నాలుగు ఊళ్లలో ఉన్నాం. తలా ఒక ముక్క చెప్పుకుంటూ ఫోన్లోనే రాసుకున్నాం. తప్పులుంటే నలుగురివీ.

బోడుప్పల్ హాస్టల్ స్టడీ హాల్లో కిటికీ పక్కన అద్దాల తొట్టి ఉండేది, చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2019 ఫిబ్రవరిలో వార్షికోత్సవానికి వచ్చిన ఒక పూర్వ విద్యార్థి అన్న దాన్ని ఇచ్చి వెళ్లాడు. మూడడుగుల పొడవు. 120 లీటర్ల నీళ్లు పట్టేది. అప్పుడు మేం ఎనిమిదో తరగతి. వార్డెన్ సార్ దాని బాధ్యత మా నలుగురికీ అప్పజెప్పారు. ఉప్పల్‌లో ఒక దుకాణానికి పోయి ఆరు గోల్డ్ ఫిష్‌లు కొన్నాం. పక్క తొట్టిలో బొటనవేలంత చేప ఒకటి మమ్మల్నే చూస్తోంది. ఆకుపచ్చ వీపు మీద నల్ల చుక్కలు, తెల్లటి పొట్ట. ఒక కన్ను ఇటు తిప్పితే ఇంకో కన్ను అటు తిప్పుతోంది. "మంచినీళ్ల చేపనే, ఏది వేసినా తింటది" అన్నాడు దుకాణం ఆయన. దాన్నీ తెచ్చాం. భయపడితే బుగ్గలాగా ఉబ్బుతుందని ఎవరో చెప్పారు కాబట్టి దానికి బుగ్గ అని పేరు పెట్టాం.

వారం తిరిగేసరికి గోల్డ్ ఫిష్‌ల రెక్కలన్నీ చినిగిపోయాయి. కొరికింది బుగ్గే. దాని తెల్లటి పొట్ట కూడా మసిబారినట్టు నల్లబడింది. మూలకు పోయి కదలకుండా ఉండేది. మా బడిలో జీవశాస్త్రం చెప్పే మేడంని బతిమాలి తీసుకొచ్చి చూపించాం. "ఇది పఫర్ చేపరా. నది సముద్రంలో కలిసే చోట ఉంటది. మీరు మంచినీళ్లలో పెట్టి చంపుతున్నరు" అన్నారామె. మాకు గుండె జారిపోయింది. గోల్డ్ ఫిష్‌లను బడి తోటలోని సిమెంటు తొట్టికి పంపేశాం.

మాలో ఒకడు వెంటనే వంటింటికి పరిగెత్తి ఉప్పు ప్యాకెట్ పట్టుకొచ్చాడు. మేడం ఆపారు. వంట ఉప్పు ఒట్టి సోడియం క్లోరైడ్. సముద్రపు నీళ్లలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లాంటివి ఇంకా చాలా ఉంటాయి. లీటరు సముద్రపు నీళ్లలో దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. దానికోసం ప్రత్యేకంగా మెరైన్ సాల్ట్ అమ్ముతారు. తొట్టి ఇచ్చిన అన్నకు ఫోన్ చేస్తే ఉప్పుతో పాటు హైడ్రోమీటర్ కూడా పంపాడు. మంచినీళ్లలో అది 1.000 చూపిస్తుంది, సముద్రపు నీళ్లలో దాదాపు 1.025. ఒక్కసారే ఉప్పు పోస్తే చేపకూ దెబ్బ, ఫిల్టర్లో ఉండే బాక్టీరియాకూ దెబ్బ. అందుకని వారానికి 0.002 చొప్పున పెంచుతూ రెండు నెలల్లో 1.015 దాకా తెచ్చాం. బుగ్గ పొట్ట మళ్లీ తెల్లబడిన రోజు మా ఆనందం చెప్పలేం.

ఫిల్టర్లో బాక్టీరియా ఎందుకో మాకు అప్పుడే అర్థమైంది. చేప విసర్జించే అమ్మోనియా విషం. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ నైట్రేట్ పేరుకుపోకుండా మేం వారానికోసారి 25 లీటర్ల నీళ్లు మార్చాలి. పుస్తకంలో బట్టీపట్టిన నత్రజని వలయం మా కళ్ల ముందే తిరుగుతోంది! శనివారం రాత్రే నల్లా నీళ్లు బకెట్లలో పట్టి ఉంచేవాళ్లం, క్లోరిన్ పోవాలని. పొద్దున అరకిలో ఉప్పు కలిపేవాళ్లం. అంటే నెలకు రెండు కిలోలు. కొంత అన్న పంపేవాడు, కొంత పాత పేపర్లు అమ్మి కొనేవాళ్లం. ఎండకు నీళ్లు తగ్గితే మాత్రం ఉప్పునీళ్లు పోయకూడదు. ఆవిరయ్యేది నీళ్లే కానీ ఉప్పు కాదు. అందుకని అద్దం మీద పెయింటుతో గీత గీసి, అంతవరకు మంచినీళ్లే పోసేవాళ్లం.

ఇక తిండి. పఫర్ చేపకు నాలుగు పళ్లు. అవి కలిసి చిలక ముక్కులా ఉంటాయి. జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గట్టి పెంకులు కొరికితేనే అరుగుతాయి. మెత్తటి తిండే పెడితే పళ్లు పెరిగి నోరు మూసుకుపోయి, తిండి ముందున్నా తినలేక చచ్చిపోతుంది. "మనకు ఆదివారం చికెన్ ముక్కలు లెక్కపెట్టి వేస్తరు, దీనికి రొయ్యలా?" అని ఒకడు గొడవ పెట్టాడు. వాడన్నది తప్పని మేం అనలేకపోయాం. చేపల బండి ఆయన్ని అడిగితే పారేసే రొయ్యల తలలు ఊరికే ఇచ్చాడు. పెరట్లో పాత టబ్బులో నీళ్లు నింపి నత్తలు పెంచాం. బురద కుంటల్లోవి తెచ్చి నేరుగా వేస్తే రోగాలు వస్తాయని మేడం చెప్పారు. రోజుకు రెండు మూడు నత్తలు చాలు. పొట్ట కాస్త గుండ్రమైతే ఆపెయ్యాలి. కానీ బుగ్గ మహా నటుడు. మనిషి కనబడితే చాలు, అద్దం దగ్గరికి వచ్చి ఏళ్ల తరబడి తిండి లేనట్టు తోక ఊపేది. జాలిపడి తలా కొంచెం వేస్తే మిగిలింది కుళ్లి నీళ్లు పాడయ్యేవి. చివరికి గోడ మీద డ్యూటీ చార్ట్ అంటించాం.

ఇప్పుడు మేం సిగ్గుపడుతూ చెప్పాల్సిన సంగతి.

2019 జూన్‌లో ఐదో తరగతిలో ఒక తమ్ముడు చేరాడు. పేరు రాయడం లేదు. రాత్రిళ్లు ఏడ్చేవాడు. పళ్లెం ముందు కూర్చుని మెతుకు ముట్టేవాడు కాదు. పెద్దవాళ్లం కొందరం వాడి దుప్పటి దాచిపెట్టి నవ్వుకునేవాళ్లం. మేమూ అందులో ఉన్నాం. జూలైలో ఒక ఆదివారం బయటి నుంచి స్నేహితులు వచ్చారు. వాళ్లకు గొప్ప చూపించాలని బుగ్గను వలతో నీళ్లలోంచి పైకెత్తాం. అది గాలి మింగి బంతిలా ఉబ్బింది. అందరూ చప్పట్లు. మళ్లీ నీళ్లలో వదిలితే కిందికి పోలేదు. పొట్ట పైకి పెట్టి తేలుతోంది. నీళ్లు మింగి ఉబ్బితే తేలిగ్గా కక్కేస్తుంది, గాలి మింగితే బయటికి రావడం కష్టం. మాకది తెలియదు. నోళ్లు వెళ్లబెట్టి నిలబడ్డాం.

మేడంకు ఫోన్ చేస్తే, నీళ్లలోనే తల పైకి, తోక కిందికి ఉండేలా మెల్లగా పట్టుకోమన్నారు. మా చేతులు వణుకుతున్నాయి. ఆ ఐదో తరగతి తమ్ముడు ముందుకొచ్చి చేతులు నీళ్లలో పెట్టి పట్టుకున్నాడు. చాలాసేపటికి బుడగలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. బుగ్గ ఈదుకుంటూ మూలకు పోయింది. చేతులు కడుక్కుని వాడు ఒకే మాట అన్నాడు. "అది ఆట కాదన్నా. దానికి భయమైంది."

మేం తలలు దించుకున్నాం. ఆ రాత్రి వాడి దుప్పటి ఎవరూ ముట్టలేదు. తెల్లారి డ్యూటీ చార్టులో వాడి పేరు ముందు రాశాం. నత్తల టబ్బు దగ్గర పని అయ్యాక మాతోపాటే కూర్చుని అన్నం తినడం మొదలుపెట్టాడు.

ఆ సెప్టెంబర్‌లో హబ్సిగూడ సీసీఎంబీలో విద్యార్థులను లోపలికి రానిచ్చే రోజున వాడినీ తీసుకెళ్లాం. బుగ్గ జాతి చేప జన్యుపటాన్ని శాస్త్రవేత్తలు 2004లోనే ప్రచురించారని మాకు తెలిసింది. మనిషి జన్యుపదార్థంలో దాదాపు తొమ్మిదో వంతే దానికి ఉందట. మా చేప ఇంత గొప్పదని మాకేం తెలుసు! ఇంకో సంగతి కూడా తెలిసింది. చాలా పఫర్ చేపల్లో టెట్రోడోటాక్సిన్ అనే విషం ఉంటుంది, దానికి విరుగుడు మందు లేదు. అప్పటినుంచి తొట్టిలో చెయ్యి పెట్టిన ప్రతిసారీ సబ్బుతో కడుక్కోవాలని చార్టు కింద ఎర్ర సిరాతో రాశాం.

2020 మార్చిలో కరోనా వల్ల హాస్టళ్లు మూసేశారు. అందరం పెట్టెలు సర్దుకున్నాం. బుగ్గను బస్సులో ఎట్లా తీసుకుపోతాం? వాచ్‌మన్ తాత "నేనున్న కదా బిడ్డా" అన్నాడు. ఆయన చదువుకోలేదు. కానీ అద్దం మీది గీత ఆయనకు అర్థమైంది, నత్తల టబ్బు అర్థమైంది. లాక్‌డౌన్‌లో ఉప్పు దొరకలేదు. అందుకని తిండి రోజు విడిచి రోజు పెట్టమన్నాం. తిండి తగ్గితే మురికి తగ్గుతుంది, నీళ్లు తక్కువ మార్చినా సరిపోతుంది. ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాళ్లం. ముందు బుగ్గ సంగతి చెప్పి, తర్వాత "మీరు తిన్నరా?" అని అడిగేవాడు. 2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌ను ముంచెత్తిన వానకు కరెంటు పోయింది. ఫిల్టర్ ఆగింది. తాత స్టూలు వేసుకుని కూర్చుని, తెల్లారేదాకా చెంబుతో తొట్టిలో నీళ్లు ముంచి పైనుంచి పోస్తూనే ఉన్నాడు, నీళ్లలో గాలి కలవాలని. ఆ సంగతి ఆయన మాకు చెప్పలేదు. తర్వాత వంటమనిషి అక్క చెప్పింది.

2021 ఫిబ్రవరిలో తొమ్మిది, పది తరగతులకు బడులు తెరిచారు. మేం స్టడీ హాల్లో అడుగుపెట్టగానే బుగ్గ అద్దం దగ్గరికి వచ్చి తోక ఊపింది. మమ్మల్ని గుర్తుపట్టిందో, నత్తల కోసమో! మాకు మాత్రం కళ్లనీళ్లు ఆగలేదు. మార్చి చివర్లో మళ్లీ మూసేశారు. పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. వీడ్కోలు సభ లేకుండానే హాస్టల్ విడిచిపెట్టాం.

ఆ తర్వాత బుగ్గను చూసుకున్నది ఆ తమ్ముడే. 2024 వేసవిలో ఫోన్ చేసి, "అన్నా, పోయింది" అన్నాడు. వేపచెట్టు కింద పాతిపెట్టారట. ఐదేళ్లు మాతో ఉంది. ఇంకా బతకాల్సిన చేపే. మొదటి రెండు నెలల మంచినీళ్లు, ఆ జూలై ఆదివారం దాని ఆయుష్షు ఎంత తగ్గించాయో అని ఇప్పటికీ అనుకుంటాం.

తమ్ముళ్లూ, తొట్టిలో చేప పెట్టే ముందు అది ఏ నీళ్లదో తెలుసుకోండి. జూన్‌లో హాస్టల్‌కు కొత్తగా వచ్చే పిల్లవాడు కూడా వేరే నీళ్లలోంచి వచ్చినవాడే. వాడి దుప్పటి ముట్టకండి. డ్యూటీ చార్టులో వాడి పేరు ముందు రాయండి.

వాచ్‌మన్ తాతకు మా నలుగురి నమస్కారాలు.