మత్తిగిరి: మందలు మేసిన నేల, దండులు నడిచిన దారి

తమిళనాడులోని హోసూరు నుంచి డెంకణికోటకు పోయే దారిలో ఉంటుంది మత్తిగిరి. ఇప్పుడు హోసూరు నగరంలో కలిసిపోయింది. బెంగళూరు 40 కిలోమీటర్లే కావడంతో కొత్తగా వచ్చినవాళ్లకు ఇది లేఅవుట్ల ఊరు. ఈ నేల వయసు మాత్రం వేల ఏళ్లు.

మత్తిగిరి ఉన్న కృష్ణగిరి జిల్లాలోనే, మయిలాడుంపారై తవ్వకాల్లో బయటపడిన ఇనుము క్రీ.పూ. 2172 నాటిదని 2022లో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. సూలగిరి దగ్గరి మల్లచంద్రంలో బండలు నిలబెట్టి, పైన పలకరాయి కప్పిన పాతకాలపు సమాధులున్నాయి. ఇలాంటివాటిని తెలుగు పల్లెల్లో పాండవుల గుళ్లంటారు. ఆ తర్వాతి శతాబ్దాల్లో వీరుల గుర్తుగా నిలిపిన వీరగల్లులు జిల్లా అంతటా కనిపిస్తాయి. వాటిలో ఎన్నో ఆవులమందలను కాపాడబోయి ప్రాణాలిచ్చినవాళ్లవి. రాజులతోపాటు పశువులను కాచినవాళ్లనూ ఈ నేల గుర్తుపెట్టుకుంది.

మైసూరు పీఠభూమి ఇక్కడే తమిళ మైదానాలవైపు దిగుతుంది. కనుమలు చేతిలో ఉన్నవాడిదే పైచేయి. అందుకే నొళంబులు, చోళులు, హొయసలులు, విజయనగర రాయలు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. విజయనగర రాయల పెనుకొండను కాపాడిన జగదేవరాయలికి కృష్ణగిరి చుట్టుపక్కల సీమ అయిన బారామహలు దక్కింది. బాగలూరు, సూలగిరి, బేరికైలలో పాళెగాళ్లు ఏలారు.

1768లో ఇంగ్లీషువాళ్లు హోసూరును పట్టుకుంటే మైసూరు ఏలిక హైదరలీ మళ్లీ లాక్కున్నాడు. 1791లో ఇంగ్లీషు సేనాని కారన్‌వాలిస్ దండు హోసూరును, రాయకోటను తీసుకుంది. మరుసటి ఏడు శ్రీరంగపట్నం ఒప్పందంతో బారామహలు ఈస్టిండియా కంపెనీకి పోయింది. హైదరలీ కొడుకు టిప్పు పడిపోయిన 1799లో హోసూరు సీమ కూడా వాళ్లదైంది. బారామహలులో అలెగ్జాండర్ రీడ్ కింద పనిచేసిన థామస్ మన్రో అక్కడ నేర్చిన, రైతు దగ్గరే నేరుగా శిస్తు తీసుకునే రైతువారీ పద్ధతినే తర్వాత రాయలసీమకు తెచ్చాడు. మన్రో మద్రాసు గవర్నరుగా ఉన్న 1824లోనే మత్తిగిరిలో సైన్యానికి గుర్రాలు పెంచే క్షేత్రం వెలిసింది. చల్లటి గాలి, విశాలమైన గడ్డినేల అందుకు అనువయ్యాయి. ఇరవయ్యో శతాబ్దంలో అది ప్రభుత్వ పశుక్షేత్రమైంది. రెడ్ సింధీ ఆవులతో పేరు తెచ్చుకుంది. యుద్ధం కోసం మొదలైన చోటు పాడికి పనికొచ్చింది.

హోసూరు పక్కనే ఉన్న తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీ స్వతంత్ర భారతానికి తొలి, తుది భారతీయ గవర్నర్ జనరల్ అయ్యాడు. 1956లో భాషాప్రాతిపదికన రాష్ట్రాల హద్దులు మారినప్పుడు హోసూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. సేలం జిల్లాలోంచి 1965లో ధర్మపురికి, 2004లో కృష్ణగిరికి మారింది. అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ కర్మాగారాలు ఊరి రూపు మార్చేశాయి.

చిరునామా ఎన్నిసార్లు మారినా ఇక్కడి తెలుగువాళ్ల ఇళ్లలో తెలుగు మాట నిలిచింది. బయట తమిళం, కన్నడం కూడా అంతే సులువుగా మాట్లాడతారు. రాగిసంగటి, అనపకాయల కూర అన్ని ఇళ్లవీ. 'మొరసునాడు కథలు' సంకలనం మొరసునాడని పిలిచే ఈ సీమ పలుకుబడికి పుస్తకంలో చోటిచ్చింది. 2006 నాటి తమిళనాడు చట్టంతో బడిలో తమిళం తప్పనిసరయ్యాక, పిల్లలకు తెలుగు చదవడం, రాయడం నేర్పే బరువు చాలావరకు ఇంటిమీదే పడింది.

ఈ సీమను ఎవరి సరిహద్దుగానో చూడడం తప్పు. ఇది తన చరిత్ర తనకున్న నాడు. గ్రానైటు క్వారీలు, లేఅవుట్లు పెరుగుతున్న ఈ జిల్లాలో ప్రతి వీరగల్లునూ, ప్రతి పాతకాలపు రాతి సమాధినీ ఊరివాళ్లే లెక్క రాసి కాపాడుకోవాలి. తమ ఊరి కథను మూడు భాషల్లోనూ పిల్లలకు చెప్పాలి. ఆ పని ఈ తరంలోనే జరగాలి.