తొలి ఏకాదశినాటి బర్గరు

మావారికి ఉద్యోగరీత్యా ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్‌కు బదిలీ అయినప్పుడు, అచ్చట ఉపవాస దినాలు ఎట్లా గడుస్తాయోనన్నదే మా అత్తగారి మొదటి చింత. మా ఇరుగుపొరుగులు దేశ విభజన తరువాత తూర్పు బెంగాలు నుండి తరలివచ్చి స్థిరపడిన కుటుంబాల వారు. ఏకాదశి వారికీ ఉంది, మనకూ ఉంది. నియమాలు మాత్రం వేరు.

తొలి ఏకాదశినాడు మన ఇళ్లలో పేలపిండి ఆరగించడం ఆచారం. అత్తగారు ఆనాడు అన్నం ముట్టరు గాని, గోధుమరవ్వ ఉప్మా పుచ్చుకుంటారు. పొరుగింటి పెద్దావిడ, మా అమ్మాయి పిలుపులో ‘ఠాకుమా’, భర్త గతించిన నాటినుండి ఏకాదశికి ఏ ధాన్యమూ తాకని నిష్ఠాపరురాలు. మొదటి ఏడు అత్తగారు ఆప్యాయంగా పంపిన పేలపిండిని ఆవిడ కళ్లకద్దుకొని తిప్పి పంపారు. అత్తగారి మనసు చివుక్కుమన్నది. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదాయె!

మరుసటి ఆషాఢంలో పదమూడేళ్ల మా అమ్మాయి, “నాయనమ్మా, నేనూ నీతో ఉపవాసముంటాను, కాని అమ్మ బర్గరు చేసిపెట్టాలి” అని షరతు పెట్టింది. అత్తగారు నవ్వి, “చెయ్యమ్మా, పక్కింటావిడ కూడా తినేటట్లు చెయ్యి” అన్నారు.

అంటే గోధుమ బన్ను పనికిరాదు. వర్షాకాలంలో ఓడల మీద వచ్చే కూరగాయలకు భరోసా లేదు. అరటి, కొబ్బరి మాత్రం పెరటిలోనే. నాలుగు గంటలు నానిన గ్లాసెడు సగ్గుబియ్యంలో ఉడికించి చిదిమిన మూడు బంగాళాదుంపలు, సైంధవ లవణం, జీలకర్ర కలిపి ముద్దచేశాను. బిళ్లలుగా అద్ది, పెనంమీద నేతితో, సన్నని సెగన ఎర్రగా కాల్చాను. ఇదే బన్ను. నడుమ ఉంచడానికి ఉడికించిన అరటికాయ తురుములో వేయించిన వేరుశనగ పొడి, అల్లం, పచ్చిమిర్చి చేర్చి వడలా కాల్చాను. సాసుకు బదులు కొబ్బరి పచ్చడి. వేడిమీదనే తినాలి, చల్లారితే బిరుసెక్కుతుంది.

“సగ్గుబియ్యం బియ్యం కాదటే?” అని అత్తగారికి సందేహం. పేరులోనే బియ్యం, నిజానికది కర్రపెండలం దుంప పిండి. ఆ దుంప పుట్టిల్లు దక్షిణ అమెరికా. బంగాళాదుంప, వేరుశనగ, మిరప కూడా అమెరికా ఖండాల నుండి గడచిన కొన్ని శతాబ్దాలలో ఓడలెక్కి వచ్చినవే. మన పెద్దలు ఉపవాసపు పళ్లెంలో వీటికి చోటిచ్చారు గదా, బర్గరు ఆకారానికి అభ్యంతరమేమిటన్నాను. “నీ చదువంతా వంటింట్లోనే ఖర్చవుతోంది” అన్నారావిడ.

అమ్మాయి పళ్లెం తీసుకువెళ్లి, వేసిన వస్తువులన్నీ హిందీలో ఏకరువు పెట్టిందట. ధాన్యమేదీ లేదు గదా అని మాత్రం ఠాకుమా అడిగారట. కొంతసేపటికి ఆవిడే వానలో గొడుగు వేసుకొని, అదే పళ్లెంలో నాలుగు జామపండ్లతో వచ్చారు. అత్తగారి పక్కన పీటమీద కూర్చొని, చేతులు తిప్పుతూ ఏదో చెప్పారు. అత్తగారు అమ్మాయి వంక చూశారు.

“మిరపకాయలు తగ్గించి ఇంకొకటి పెట్టమంటున్నారు, నాయనమ్మా!”