ఇంట వినదగని పాట

ఆదివారము సాయంకాలమున మా సిద్దిపేటలో సంగీతాభిమానులము నలుగురైదుగురము కూడి, ఆ వారమున ఎవరేమి విన్నారో చెప్పుకొందుము. ద్వారం వేంకటస్వామి నాయుడుగారి ఫిడేలు, బాలమురళీకృష్ణగారి కీర్తనలు తరచుగా వచ్చును. మొన్న నా వంతున, బృందా ముక్తలు పాడిన క్షేత్రయ్య పదమొకటి వినిపించితిని. అంత నిదానముగ నడచు పాటకు వినువారి యోపికయు కావలెను.

పాట ముగియకమునుపే ఒక పెద్దాయన, "సారూ, ఇవి ఇండ్లల్ల వినేటివి కావు" అనిరి. పదము శృంగారమయము, పాడినవారు దేవదాసీలు. ఆయన అభ్యంతరమంతయు ఇదియే.

వీరేశలింగముగారు భోగముమేళములను ఖండించుట న్యాయమే. ఆడుబిడ్డలను గుడికి అంకితము చేయుటను మద్రాసు రాష్ట్రమున 1947లో చట్టముచే నిషేధించుటయు న్యాయమే. ఆ యాచారమును నేనెన్నడును సమర్థింపను. కాని ఆచారముతోపాటు పాటను కూడ వెలివేయుమని ఎవరు చెప్పిరి? మనము సిగ్గుపడిన తెలుగు పదములను మద్రాసులో వీణ ధనమ్మాళ్ ఇంటి స్త్రీలు తరతరములుగా కంఠమున నిలుపుకొనిరి. ఆమె మనుమరాండ్రే ఈ సోదరీమణులు. బృందగారికి 1976లో మద్రాసు సంగీత అకాడమీవారు సంగీత కళానిధి బిరుదమిచ్చిరి.

ఇదంతయు చెప్పితిని. పెద్దాయన ఒప్పుకొనలేదు. అయినను లేచిపోలేదు, రెండవ పదము ముగియువరకు కూర్చుండిరి.