ఫిరంగికి అందని దూరం

బాల్టిమోర్‌లో మెక్‌హెన్రీ కోటకు వచ్చేవాళ్ళలో చాలామంది జెండా కోసమే వస్తారు. 1814 సెప్టెంబరు 14 ఉదయం కోట మీద జెండా ఇంకా ఎగురుతూ ఉండటం చూసి ఫ్రాన్సిస్ స్కాట్ కీ రాసిన పాటే 1931లో అమెరికా జాతీయ గీతమైంది. నేను వెళ్ళింది మాత్రం ఆ ముందురోజంతా, రాత్రంతా కోట మీద బాంబులు కురిపించిన బ్రిటిష్ ఓడల గురించి తెలుసుకుందామని.

ప్రదర్శనలో ఉంచిన ఇనుప గుండు దగ్గర చాలాసేపు ఆగిపోయాను. లోపల డొల్ల. పైన వత్తి బిగించే కన్నం, ఎత్తడానికి కొక్కేలు తగిలించే చెవులు. 13 అంగుళాల గుండు మందు నింపితే 90 కిలోల దాకా తూగేది. చెక్క గొట్టంలో మందు కూరి చేసిన వత్తిని దూరాన్ని బట్టి కోసేవారు. పొట్టిగా కోస్తే గుండు గాలిలోనే పేలిపోయేది. ఈ కోట మీద వేసినవాటిలో చాలా గుండ్లు గాలిలోనే పేలాయి.

మామూలు యుద్ధనౌక ఫిరంగులు దాదాపు నేలబారుగా కాలుస్తాయి. ఈ గుండ్లను విసిరే మోర్టార్ అలా కాదు, గుండును ఆకాశానికి ఎగరేసి గోడ దాటించి లోపల పడేస్తుంది. దాన్ని ఓడకెక్కించిన ఘనత ఫ్రెంచి ఇంజనీరు బెర్నార్ రెనోది. 1682లో అల్జీర్స్ రేవు మీద అలాంటి ఓడలను ప్రయోగించారు. టన్నుల బరువున్న మోర్టార్ పేలితే ఆ దెబ్బంతా కిందికి, ఓడ అడుగుకే తగులుతుంది. అందుకని డెక్కు కింద బలమైన దుంగలు పేర్చి, ఓడ కట్టడాన్నే గట్టిపరిచేవారు.

బురుజు ఎక్కి పటాప్‌స్కో నది దిగువకు చూశాను. టెర్రర్, వల్కనో, మీటియర్, డివాస్టేషన్, ఎట్నా అనే ఐదు బ్రిటిష్ బాంబు ఓడలు సుమారు రెండు మైళ్ళ దూరంలో లంగరేశాయి. కోట ఫిరంగులు అంత దూరం అందుకోలేకపోయాయి. కమాండర్ జార్జ్ ఆర్మిస్టెడ్ కాల్పులు ఆపించాడు. దాదాపు వెయ్యిమంది తిరిగి కొట్టే వీల్లేక గోడల చాటున కూర్చున్నారు. నాకు ఆ ఓర్పే అసలు యుద్ధంగా అనిపించింది. ఒక బాంబు మందుగుండు కొట్టు మీదే పడింది. అదృష్టం, పేలలేదు. మధ్యలో మూడు ఓడలు ధైర్యం చేసి దగ్గరికొస్తే కోట ఫిరంగులు వెంటనే వెనక్కి తరిమాయి. 25 గంటల్లో 1,500 నుంచి 1,800 బాంబులు వేశారని, సుమారు 400 కోట ఆవరణలో పడ్డాయని ఆర్మిస్టెడ్ నివేదించాడు. చనిపోయింది నలుగురు.

టెర్రర్ కథ అక్కడితో ముగియలేదు. మోర్టార్ దెబ్బ తట్టుకోవడానికి కట్టిన ఓడ మంచునూ తట్టుకుంటుందని దాన్ని ధ్రువయాత్రలకు పంపారు. 1845లో అన్వేషకుడు ఫ్రాంక్లిన్ బృందంతో ఆర్కిటిక్ వెళ్ళి తిరిగిరాలేదు. 2016లో కెనడా ఉత్తర సముద్రం అడుగున దొరికింది.

వాషింగ్టన్ చూడటానికి వచ్చే మనవాళ్ళకు ఈ కోట గంట ప్రయాణం. అసలు జెండా వాషింగ్టన్‌లోనే స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. అది చూసి ఇక్కడికి రండి, బురుజెక్కి ఆ రెండు మైళ్ళ నీళ్ళనూ చూడండి.