చవక తూటాలు

తెలుగు మేష్టారికి తుపాకులతో పనేమిటండీ అని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది. నిజానికి నాకేమీ పనిలేదు. మా కాలేజీలో గురికాల్చే పిల్లల జట్టుకు ఎవరో ఒక అధ్యాపకుడు పెద్దగా ఉండి, లెక్కలు చూసి, సంతకాలు పెట్టాలి. ఆ పెద్దను ఎన్నుకున్న రోజున నేను సెలవులో ఉన్నాను. అంతే!

పిల్లలకు నేర్పేది రిటైరైన ఒక సుబేదారుగారు. సాధన ఊరి చివర రైఫిల్ క్లబ్బులో. 50 మీటర్ల దూరాన కాగితం మీద గురి. పాయింట్ టూటూ రైఫిలు. దాని తూటా అంగుళం పొడుగుంటుంది. కొసనున్న సీసపు గుండు రెండున్నర గ్రాములు. చూస్తే ఆటవస్తువు లాగే ఉంటుంది.

కిందటేడు తూటాలు కొనవలసివచ్చి, రెండు రకాల ధరలు నా బల్లమీదికి వచ్చాయి. ఒకదాని ధర రెండోదానిలో సగం. సుబేదారుగారు ఖరీదైన రకం చూపించి, “ఇవి తీసుకుందాం మేష్టారూ” అన్నారు.

“ఏం, అవి పేలవా?”

“పేలతాయండీ. అన్నీ ఒక్కలాగ పేలవు.”

ఆ వాక్యం నాకు నచ్చింది గాని అర్థం తలకెక్కలేదు. చవక రకానికే సంతకం చేశాను. మిగిలిన డబ్బుతో అందరికీ మంచి చెవిమూతలు కొన్నాం. కాలేజీ సొమ్ము ఆదా చేశానని లోపల కొంచెం గర్వం కూడా!

మొదటి రోజునే యాభైలో నాలుగు పేలలేదు. దీపావళినాడు తుస్సుమన్న టపాకాయ మీదికి పిల్లవాడు వంగితే ఇంటిల్లిపాదీ కేకలు వేస్తాం కదా! ఇదీ అంతే. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. తుపాకి మూతి గురివైపే ఉంచి, అరనిమిషం ఆగి, అప్పుడు బయటికి తియ్యాలి. సుబేదారుగారు అలా తీసినదాన్ని కాస్త తిప్పి మళ్లీ పెడితే ఈసారి పేలింది. నేను తెల్లబోయాను.

టీ తాగుతూ ఆయన విడమరిచి చెప్పారు. ఈ జాతి తూటాలో నిప్పు పుట్టించే మందు నడిమధ్యన ఉండదట. ఇత్తడి తొడుగు అడుగున, మడిచిన అంచులోపల ఉంటుంది. ఫ్యాక్టరీలో దాన్ని తడిగా వేసి, గిరగిర తిప్పి, అంచంతా పరుచుకునేలా చేస్తారు. ఎక్కడైనా మందు అందక, రైఫిలు పిన్ను సరిగ్గా అక్కడే కొట్టిందా, ఇక పేలదు.

“అమ్మేముందు పరీక్ష చెయ్యరా?”

“చెయ్యడమంటే పేల్చడమే కదండీ! పేలిపోయాక అమ్మడానికేముంది?”

నిజమే. అన్నం మెతుకు పట్టి చూసినట్టు ఒక్కొక్క లాటులోంచి కొన్ని తీసి పేల్చి చూస్తారు. ఎన్ని తీస్తారు, ఎన్ని తప్పితే లాటు మొత్తం అవతల పారేస్తారు అన్నదానిలో ఉంది కిటుకు. ఆ పారవేత ఖర్చంతా ధరలోకే రావాలి. పోటీలకు వెళ్లేవాళ్లు తమ రైఫిలుకు నప్పిన లాటు దొరికితే, పెట్టెమీది నంబరు చూసి మరీ కొని దాచుకుంటారట.

ఈ కథ చెబితే మా చరిత్ర మేష్టారు ఏకంగా సోమ్ యుద్ధం ఎత్తుకున్నారు. 1916 జూన్ చివర ఫ్రాన్సులో బ్రిటిషు ఫిరంగులు వారంరోజులు 15 లక్షలకు పైగా గుండ్లు కురిపించాయి. అంతకు ముందేడు గుండ్ల కరువొచ్చిందని హడావిడిగా చేయించిన సరుకు. ఎన్నో పేలకుండా మట్టిలో దిగబడ్డాయి. జూలై 1న ముందుకు నడిచిన బ్రిటిషు సైన్యంలో ఒక్కరోజున 19,000 మందికి పైగా పోయారు. దానికి కారణాలు ఇంకా ఉన్నాయనుకోండి. పేలని ఆ గుండ్లు మాత్రం అక్కడి రైతుల నాగళ్లకు ఇప్పటికీ తగులుతున్నాయి.

మూడో వారం. బి.ఏ. రెండో ఏడు చదివే అమ్మాయి బోర్లా పడుకుని కాలుస్తోంది. నాలుగు సరిగ్గా పేలాయి. అయిదోది ‘ఠప్’ మనలేదు, ‘టుక్’ మంది. కాగితం మీద కొత్త చిల్లు పడలేదు. గురి తప్పిందనుకుంది కాబోలు, బోల్టు లాగి ఇంకొక తూటా పెట్టి, ఊపిరి బిగబట్టింది. నేను వెనకాలే నిలబడి ఉన్నాను. సీసపద్యంలో ఒక్క గణం తప్పినా క్లాసు ఆపి దిద్దే చెవులివి. వాటికేమీ వినబడలేదు.

“ఆపు తల్లీ! వేలు తీసెయ్!”

అవతలి కొసనుంచి సుబేదారుగారి అరుపు. ఆయనకూ నాలాంటి చెవిమూతలే ఉన్నాయి.

తూటా తీసేసి, మూతివైపునుంచి ఇత్తడి కడ్డీ దూర్చితే సగంలో ఆగిపోయింది. తూటాలో మందు సరిపడా లేక, గుండు గొట్టం మధ్యలో ఇరుక్కుంది. వెనకనుంచి రెండోది పేలి ఉంటే గొట్టం ఉబ్బేది, చీలినా చీలేది. ఆ పిల్ల ఎడమచెయ్యి దానికిందే ఉంది.

అమ్మాయి లేచి, దులుపుకుని, “సారీ సార్” అంది నాతో. నాకు నోట మాట రాలేదు.

దుకాణదారుకు ఉత్తరం రాశాను. లాటులో అక్కడక్కడ ఇలాంటివి తగులుతాయనీ, మిగతావి భేషుగ్గా ఉంటాయనీ జవాబొచ్చింది. ఏవి మిగతావో ఎవరు చెప్పగలరు? తూటాలు చెత్తలో పారేసే వస్తువులు కావు. ఒక్కొక్కదానికీ లెక్క ఉండాలి. పదకొండు పెట్టెలు క్లబ్బు ఇనప్పెట్టెలో అలాగే ఉన్నాయి. నెలనెలా వాటిని లెక్కపెట్టి, రిజిస్టరులో సంతకం చేసి వస్తున్నాను.