బాటిల్లో నీళ్లు తాగలేదేం?

ఒకటో తరగతి చదివే ఆ పాప బడి నుంచి రాగానే వాళ్లమ్మ బ్యాగు తెరిచి చూస్తుంది. టిఫిన్ డబ్బా ఖాళీ. వాటర్ బాటిల్ మాత్రం పొద్దున నింపింది నింపినట్టే. ‘నీళ్లు తాగలేదేం?’ అంటే ‘మర్చిపోయానమ్మా’ అనేది. రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. ఆటల ధ్యాసలో మర్చిపోతోందిలే అనుకుంది తల్లి.

కొన్నాళ్లకు ఇంకో గొడవ మొదలైంది. బడి నుంచి వస్తూనే బూట్లయినా విప్పకుండా బాత్రూంకి పరుగు! ఒక్కోసారి అక్కడికి చేరేలోపే బట్టలు తడిసిపోయేవి. ఎప్పుడో మానేసిన పక్క తడపడమూ మళ్లీ వచ్చింది. ‘ఆరేళ్లొచ్చాయి, సిగ్గు లేదూ?’ అని తల్లి రెండు మూడుసార్లు కసిరింది. ఆ తర్వాత తడిసిన డ్రాయర్లు మంచం కింద దొరకసాగాయి.

ఒకరోజు ఒంటేలుకి వెళ్లి మంటంటూ ఏడ్చింది. ‘వేడి చేసుంటుందే అమ్మాయ్, బార్లీ నీళ్లు కాచివ్వు’ అంది నాయనమ్మ. బార్లీ, సబ్జా గింజలు, పల్చటి మజ్జిగ... అన్నీ అయ్యాయి. కాస్త నెమ్మదించినట్టే ఉంది. మూడోరోజు రాత్రి వణుకుతూ జ్వరం. జలుబు లేదు, దగ్గు లేదు. కడుపునొప్పి, వాంతులు.

పిల్లల డాక్టరమ్మ అంతా విని, మందు మొదలుపెట్టకముందే మూత్రపరీక్ష చేయించమంది. శుభ్రంగా కడిగి, మొదట వచ్చేది కొంచెం వదిలేసి, మధ్యలో వచ్చేదాన్ని ల్యాబు వాళ్లిచ్చిన డబ్బాలో పట్టాలి. యాంటీబయాటిక్ వేశాక పడితే క్రిమి బయటపడకపోవచ్చట. ఆ వెంటనే మందు మొదలైంది. రెండు రోజులకు కల్చర్ రిపోర్టు వచ్చింది... ఈ-కొలై. మన పేగుల్లో ఉండే క్రిమే!

‘ఆడపిల్లల్లో మూత్రం బయటికొచ్చే దారి చాలా పొట్టి. మలద్వారానికి దగ్గర కూడా. అందుకే క్రిములు తేలిగ్గా మూత్రాశయంలోకి చేరతాయి. నీళ్లు తాగి, ఎప్పటికప్పుడు వెళ్తుంటే కొట్టుకుపోతాయి. బిగబట్టుకుంటే అక్కడే పెరుగుతాయి. పైకి పాకి కిడ్నీలకు చేరితే ఇలా చలిజ్వరం వస్తుంది. ఆలస్యమైతే కిడ్నీల మీద మచ్చలు పడొచ్చు’ అందావిడ. బార్లీ నీళ్లు తాగించడం తప్పు కాదు గానీ, వాటితో ఈ జబ్బు తగ్గదని కూడా చెప్పింది.

ఆ తర్వాత పాపను దగ్గరికి తీసుకుంది. ‘బళ్లో బాత్రూంకి వెళ్తావా బంగారూ?’

పాప తల అడ్డంగా ఊపింది. ‘తలుపుకి గడియ పడదు. ఎవరో ఒకళ్లు తోసేస్తారు. కంపు కూడా. నీళ్లు తాగితే ఒంటేలొస్తుంది కదా... అందుకే తాగను.’

తల్లికి నోట మాట రాలేదు. ఇన్నాళ్లూ అది మతిమరుపు కాదన్నమాట. మంచం కింద దాచిన బట్టలు గుర్తొచ్చి కళ్లు తిరిగి నీళ్లయ్యాయి.

స్కానింగులో కిడ్నీలు బాగానే ఉన్నాయి. కొందరు పిల్లల్లో మూత్రం మూత్రాశయం నుంచి వెనక్కి, కిడ్నీల వైపు మళ్లుతుంది. ఇలాంటి జ్వరం మళ్లీ మళ్లీ వస్తే ఆ పరీక్షలూ అవసరమవుతాయి. జ్వరం తగ్గిందని మందు మధ్యలో ఆపొద్దనీ, రెండు మూడు గంటలకోసారి బాత్రూంకి పంపాలనీ, దొడ్డికెళ్లాక ముందు నుంచి వెనక్కి కడగడం నేర్పాలనీ డాక్టరమ్మ చెప్పింది. మలబద్ధకం ఉంటే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు కాబట్టి పళ్లూ, ఆకుకూరలూ బాగా పెట్టమంది.

బడి గేటు దగ్గర తోటి తల్లులను కదిపితే, మరో ముగ్గురి ఇళ్లకూ బాటిళ్లు నిండుగానే వస్తున్నాయి! నలుగురూ కలిసి హెడ్‌మాస్టర్ దగ్గరికి వెళ్లారు. వారం తిరిగేసరికి తలుపుకి గడియ బిగించారు. కంపు మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. దానికోసం మళ్లీ వెళ్లాలనుకుంటున్నారు.

ఇప్పటికీ సాయంత్రం తల్లి ముందు చూసేది వాటర్ బాటిలే. నిండుగా ఉంటే కసరడం లేదు. పక్కన కూర్చోబెట్టుకుని ‘ఇవాళ ఏమైందమ్మా?’ అని అడుగుతోంది. మొన్న బాటిల్ అడుగున రెండు గుక్కల నీళ్లే మిగిలాయి. అవి కూడా పాప అక్కడే నిలబడి తాగేసి, ఖాళీ బాటిల్ అమ్మ చేతికిచ్చింది.